కొండ మీది బడికి

విజయనగరం,
నవంబరు, 2025.

బుజ్జమ్మా,

నీ వాట్సాప్ మెసేజి రాత్రి రెండుసార్లు చదివాను. జవాబు ఫోన్లోనే కొట్టి పంపితే చేతులు జోడించిన బొమ్మొకటి పెట్టి ఊరుకుంటావు. అందుకే కాగితం, పెన్నూ తీశాను. కాగితమైతే పెట్టెలో దాచుకుంటావు. నా మీద కోపమొచ్చినా పారెయ్యవు.

ఇక్కడ అందరం బాగున్నాం. నా మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు, అంతే. మీ అమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసి ‘కొండ మీద సిగ్నల్ ఉందంటావా అక్కా’ అని నన్నడుగుతుంది, టవరేదో నా పెరట్లో ఉన్నట్టు. సీతంపేట సంతకి దిగినప్పుడైనా దానితో నాలుగు మాటలు మాట్లాడు. నువ్వు తింటున్నావో లేదో అన్నదే దాని బెంగ. నా బెంగ వేరు.

‘వీళ్ళకి ఏమీ రాదు పెద్దమ్మా. ఐదో తరగతి వాడికి ఒకటో తరగతి వాచకం రాదు. ఐదు క్లాసులకీ నేనొక్కదాన్నే. ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని రాశావు. ఆ మొదటి వాక్యం చదవగానే ఒళ్ళు మండింది. చివరి వాక్యానికొచ్చేసరికి జాలేసింది. మెగా డీఎస్సీలో ఉన్న 16,347 పోస్టుల్లో ఒకటి కష్టపడి తెచ్చుకున్నదానివి. పియాజే ఏమన్నాడో, వైగోత్‌స్కీ ఏమన్నాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేదానివి. ‘వైయక్తిక భేదాలు’ అన్న పాఠం బిట్లతో సహా బట్టీపట్టావు కదూ! ఆ పాఠమే ఇప్పుడు చాప మీద కూర్చుని నీ మొహంకేసి చూస్తోంది. భయమెయ్యడం తప్పు కాదులే. కొత్తలో అందరికీ వేస్తుంది.

ముందు ఆ ‘ఏమీ రాదు’ అన్న మాట మానెయ్. నువ్వు చేరిన ఈ మూడు వారాల్లో వాళ్ళకేం రాదో నీకు తెలిసింది, ఏమొచ్చో ఇంకా తెలీలేదు. అది తెలుసుకోవడానికి పెద్ద పరీక్షేం అక్కర్లేదు. ‘ప్రథమ్’ వాళ్ళు 2005 నుంచి ‘అసర్’ సర్వేకి ఊరూరా పట్టుకెళ్ళే కాగితం ఒకటుంది, చూసే ఉంటావు. ఒక పక్క అక్షరాలు, ఒక పక్క చిన్న చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ. లెక్కలకీ అంతే: ఒంటి అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. పిల్ల ఎంతవరకు చదివితే అక్కడ ఉన్నట్టు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుంది. అయితే నీ కుర్చీ దగ్గరకి పిలిచి, అందరి ముందూ నిలబెట్టి చెయ్యకు. వచ్చిందీ మర్చిపోతారు. చెట్టు కిందో అరుగు మీదో పక్కన కూర్చోబెట్టుకో. తప్పు చదివితే దిద్దకు. ఆ రోజు నీ పని వినడం.

ఒక నోటుబుక్కు పెట్టుకుని పిల్లకొక పేజీ ఇయ్యి. ఆ పేజీలో రానిది రాయకు, వచ్చింది రాయి. ‘పదాలు చదువుతాడు, గుణింతం వస్తే ఆగిపోతాడు. నోటిలెక్క బాగా చేస్తాడు. మేకలు ఎన్నున్నాయో, ఏది ఎప్పుడు ఈనిందో చెప్తాడు.’ ఇలాగ. పది పేజీలు నిండేసరికి ‘ఐదో తరగతి’ అన్న మాటకి అర్థం లేదని నీకే తెలుస్తుంది. హాజరుపట్టీలో ఐదు క్లాసులుంటాయి, చాప మీద ఉండవు. తెలుగుకి ఒక రకం గుంపులు పడతాయి, లెక్కలకి వేరే రకం పడతాయి. చదవడంలో వెనకున్న పిల్ల లెక్కల్లో ముందుండొచ్చు. అందుకని రెంటికీ ఒకే గుంపు చెయ్యకు. పొద్దున్న గంటన్నర పాటు క్లాసు సంగతి మర్చిపోయి గుంపుల్తో పని చెయ్. వాచకాలూ సిలబస్సూ మధ్యాహ్నం చూసుకోవచ్చు.

గుంపులకి ‘ఎ’, ‘బి’, ‘సి’ అని పేర్లు పెట్టావో చెవి మెలిపెడతాను. ‘సి’ అంటే ఏమిటో పిల్లలకి ఒక్క పూటలో తెలిసిపోతుంది. చింత, పనస, జీడి అని పెట్టు. నెలకోసారి పిల్లల్నీ మార్చు, పేర్లనీ మార్చు. ఎవరు ఎక్కడున్నారన్న లెక్క నీ నోటుబుక్కులో ఉంటే చాలు.

గుంపులు చెయ్యడం తేలికే. నువ్వొక గుంపు దగ్గర కూర్చున్నప్పుడు మిగతావాళ్ళు ఏం చేస్తారన్న దగ్గరే ఒంటరి టీచర్లందరూ బోల్తా పడతారు. ‘ఎక్కాలు రాసుకోండి’ అంటాం. వాళ్ళు వంచిన తల ఎత్తకుండా రాస్తారు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. వచ్చిన ఆఫీసరు సంతోషిస్తాడు. పిల్లలకి మాత్రం చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగలదు.

దీనికి మంచి దారి చూపించినవాళ్ళు మన రాష్ట్రంలోనే ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు గారు, రమ గారు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపారు. వాళ్ళ పద్ధతినే ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అంటారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఆ కార్డుల వరుసని గోడ మీద నిచ్చెనలా బొమ్మ గీసి పెడతారు. ప్రతి మెట్టుకీ ఒక గుర్తు. పిల్ల బడికొచ్చి, తనే మెట్టు మీదుందో చూసుకుని, ఆ కార్డు తనే తీసుకుంటుంది. వారం రోజులు జొరమొచ్చి మానేసినా, చింతపండు కొట్టడానికి వెళ్ళినా, తిరిగొచ్చి ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. ఆ వారం పాఠం పోయిందన్న మాటే లేదు. మీ కొండల్లో ఇదెంత అవసరమో నీకు చెప్పక్కర్లేదు, పోడు పనుల రోజుల్లో సగం చాప ఖాళీ కదా. తర్వాత తమిళనాడు ఈ పద్ధతి చూసి నేర్చుకుని మద్రాసు కార్పొరేషను బడుల్లో మొదలుపెట్టి రాష్ట్రమంతా నడిపించింది.

ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చింది కార్డులు కాదు, కూర్చోబెట్టే తీరు. కొత్త సంగతి నేర్చుకునేవాళ్ళు టీచరు దగ్గర కూర్చుంటారు. సగం వచ్చినవాళ్ళని టీచరు మధ్యమధ్యలో చూస్తుంది. ఇంకొందరు తోటిపిల్లల సాయంతో చేసుకుంటారు. బాగా వచ్చేసినవాళ్ళు సొంతంగా చేసుకుంటారు. అంటే టీచరు సాయం అందరికీ సమానంగా పంచదు, అవసరమైన చోట పోస్తుంది. నువ్వు నిచ్చెనంతా తయారుచెయ్యక్కర్లేదు, ఒక్కదానివల్ల అయ్యే పనీ కాదు. ఆ కూర్చోబెట్టే తీరు మటుకు రేపే మొదలుపెట్టొచ్చు.

ఒక మాట ముందే చెప్తున్నా. ఐదులో చురుకైన ఆడపిల్ల ఒకతి ఉంటుంది. ‘నువ్వు చిన్నపిల్లల్ని చూడమ్మా’ అని దానికి బెత్తం ఇచ్చేస్తాం. అది సంతోషంగా చేస్తుంది కూడా. ఏడాది గడిచేసరికి అది జీతం లేని టీచరవుతుంది, దాని చదువు మటుకు అక్కడే ఆగిపోతుంది. తోటిపిల్లల సాయం వేరు, దాని పూటంతా తినెయ్యడం వేరు. రోజుకి పావుగంట మించనివ్వకు. దానికీ తన మెట్టు ఎక్కే పని చూపించు. బెత్తం అన్నానని నీ దగ్గర ఉంచుకునేవు! కొట్టడం, తిట్టి సిగ్గుపెట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షనులోనే కూడదన్నారు. చట్టం లేకపోయినా కూడదు.

ఇక సామాన్ల సంగతి. నేను టీచరుగా చేరిన కొత్తలో ఏపీపెప్ అని బ్రిటిషు వాళ్ళ సాయంతో నడిచే ప్రాజెక్టు ఉండేది. ఊళ్ళో అందరూ దాన్ని ‘కత్తిరింపుల ట్రైనింగు’ అనేవారు. కత్తెర, జిగురు, స్కెచ్‌పెన్నులు, రంగుకాగితాలు. నవ్వుకున్నాం గానీ, ఆ ప్రాజెక్టు చెప్పిన ఆరు సూత్రాలు ఇప్పుడు మళ్ళీ చదివితే ఒక్కటీ పాతబడలేదు. పని చేస్తూ నేర్చుకోవాలి, ఒక్కొక్కరుగానూ గుంపుగానూ క్లాసంతా కలిసీ పని చెయ్యాలి, పిల్లల మధ్య తేడాల్ని పట్టించుకోవాలి, చుట్టూ ఉన్నవాటిని వాడుకోవాలి. పిల్లలు చేసినవి గోడకి పెట్టాలి. ‘పిల్లలు చేసినవి’ అన్నది గమనించు. నేను గమనించలేదు. ఆ తర్వాతి రోజుల్లో బోధన సామాన్లు చేసుకోమని ఏడాదికి ఐదొందలు టీఎల్‌ఎం గ్రాంటు ఇచ్చేవారు. రాత్రుళ్ళు మేలుకుని, మీ పెదనాన్న చేత థర్మాకోలు కోయించి, తిరిగే చక్రాలూ వెలిగే బల్బులూ పెట్టి ఒక సౌరకుటుంబం చేశాను. మండల మేళాలో ప్రైజొచ్చింది. తీసుకొచ్చి పిల్లలకి అందకుండా బీరువా మీద పెట్టాను. వాళ్ళు ముట్టుకుంటే విరిగిపోదూ మరి! రిటైరయ్యేదాకా దాని దుమ్ము నేనే దులిపాను. నువ్వలాంటి పని చెయ్యకు. పిల్ల చేతిలో పడి నలిగిపోని సామాను బడికి దండగ.

నీ బడిలో ఇప్పటికే ఉన్న వస్తువు ఒకటి చెప్తాను. మధ్యాహ్న భోజనం గుడ్లు వస్తాయి కదా, ఆ అట్ట ట్రేలు పారెయ్యనివ్వకు. ఒక ట్రేలో ముప్పై గుంటలుంటాయి, ఒక వైపు ఐదు, ఒక వైపు ఆరు. ఐదేసి గుంటల వరుసలు రెండు కోస్తే పది గుంటలు. ఇంకో ట్రేలో ఆరేసి గుంటల వరుసలు రెండు కోస్తే పన్నెండు. రెండూ కావాలి. పన్నెండుదెందుకో చెప్తాను, నాకు ఈ ముచ్చట ఎవరికైనా చెప్పాలని ఎప్పట్నుంచో ఉంది.

నేనూ నీలాగే సవర గిరిజనుల ఊళ్ళో పనిచేసినప్పుడు ఒక చిన్నపిల్ల చింతపిక్కలు లెక్కపెడుతోంది. నేను పదిహేను పోశాను. అది ఒక్కొక్కటే జరిపి పన్నెండు పక్కన పెట్టింది. మిగిలిన మూడూ వేరే పెట్టింది. ‘ఎన్నే?’ అంటే వాళ్ళ మాటలో ఏదో అంది. ఎడం చేత్తో కుప్ప చూపించి ఒక మాట, కుడి చేత్తో మూడూ చూపించి ఒక మాట. నేను ‘పదిహేను’ అని దిద్దాను. అది మళ్ళీ తన మాటే అంది. వంటమ్మ గుమ్మంలోంచి నవ్వుతూ చెప్పింది, ‘సరిగ్గానే చెప్తుంది టీచరమ్మా, పన్నెండూ మూడూ అంటుంది’ అని.

సవర భాషలో లెక్క అలాగే నడుస్తుంది బుజ్జమ్మా. పన్నెండు దాకా విడి పేర్లు. పదమూడంటే పన్నెండూ ఒకటి, పందొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఇరవైకి మళ్ళీ ఒక పేరు. అక్కణ్ణుంచి ఇరవైల లెక్క. ముప్పై అయిదు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, మూడు. మనం పదుల కట్టలు కడితే వాళ్ళ అవ్వలు పన్నెండూ ఇరవైల కట్టలు కడతారు. ఇప్పటి పిల్లలు సంతలో తెలుగు లెక్కే చెప్తారు, డబ్బు విషయం కాబట్టి. ఇంట్లో విన్నది వేరేగా ఉంటే ‘ఒకట్ల స్థానం, పదుల స్థానం’ అని మనం బోర్డు మీద గీసే గళ్ళు ఎక్కడ ఎక్కుతాయి? పిల్లకి లెక్క రాక కాదు, దానికి వచ్చిన లెక్క మనకి రాక.

అందుకే రెండు ట్రేలు. పదిహేను పిక్కలు పన్నెండు గుంటల్లో పొయ్యమను. గుంటలు నిండి మూడు మిగులుతాయి. ‘బాగుంది, మీ అవ్వ లెక్క ఇదీ’ అను. అవే పిక్కలు పది గుంటల్లో పొయ్యమను. ఐదు మిగులుతాయి. ‘పుస్తకం లెక్క ఇదీ’ అను. రెండు ట్రేలూ పక్కపక్కన పెట్టి చెయ్యి తీసెయ్. మాట్లాడకు. కుప్ప అదే, కట్ట మారిందని పిల్ల తనే చూస్తుంది. అది చూసిన పిల్లకి పదుల కట్ట విప్పి అప్పు తెచ్చుకునే తీసివేత వారంలో వస్తుంది, నేను చూశాను. తర్వాత కొండచీపురు పుల్లలు పదేసి రబ్బరుబ్యాండు వేసి కట్టించు. యాభై రెండులోంచి పదిహేడు తియ్యాలంటే ఒక కట్ట విప్పక తప్పదని దాని చేతులకే తెలిసిపోవాలి. పలక మీద అంకెలు ఆ తర్వాత.

సవర మాట వచ్చింది కాబట్టి గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి చెప్పకుండా ఉండలేను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఆయన ఫోటోకి దండ వేస్తాం, వాడుక భాష అని ఉపన్యాసం ఇస్తాం, ఐపోతుంది. ఆయన మీ కొండకి అవతలి పక్క పర్లాకిమిడిలో బడిపంతులు. సవరల మాట నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి బడులు పెట్టించారు. సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నూరేళ్ళ పైమాట నాటి ఆలోచన! మన రాష్ట్రంలో సర్కారు బడుల్లో గిరిజన భాషల్లో చదువు చెప్పే కార్యక్రమం 2004లో గానీ రాలేదు. ఎనిమిది భాషల్లో మొదలైంది, సవర కూడా ఉంది. తెలుగు లిపిలోనే సవర వాచకాలు అచ్చేశారు. మీ బడి బీరువా అడుగున చెదలు పట్టని కాపీ ఒకటి దొరుకుతుందేమో వెతుకు. పాత విద్యా వాలంటీర్లెవరైనా ఊళ్ళో ఉంటే వాళ్ళింట్లో అడుగు.

ఆ కొండల్లో తిరిగి పంతులు గారికి మలేరియా వచ్చింది. క్వినైను ఎక్కువై చెవుడొచ్చింది. కాబట్టి దోమతెర కట్టుకునే పడుకో. ఇది సలహా కాదు, ఆర్డరు.

నువ్వు సవర పండితురాలివి కానక్కర్లేదు. రోజుకి రెండు మాటలు నేర్చుకో, నేర్పేది పిల్లలే కావాలి. నువ్వు తప్పు పలికితే పడీపడీ నవ్వుతారు, నవ్వనీ. టీచరు కూడా తప్పు పలుకుతుందని చూసిన పిల్ల తెలుగు తప్పు పలకడానికి భయపడదు. మీ దగ్గర జాతాపు పిల్లలు కూడా ఉంటారు, వాళ్ళకి ఇంట్లో తెలుగే. సవర పిల్లనీ జాతాపు పిల్లనీ పక్కపక్కన కూర్చోబెట్టు. అయితే మాట అటు నుంచి ఇటే కాదు, ఇటు నుంచి అటు కూడా వెళ్ళాలి. ఒకపూట సవర పిల్ల చెట్టు పేర్లు నేర్పాలి, జాతాపు పిల్ల నేర్చుకోవాలి. లేకపోతే ఒకడెప్పుడూ గురువు, ఒకడెప్పుడూ శిష్యుడు అయిపోతారు. ఇప్పటి వాచకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు కదా. సవర పిల్లకి రెండు పేజీలూ పరాయివే. మూడో పేజీ నువ్వూ వంటమ్మా కలిసి నోటితో చెప్పాలి. ఆ వంటమ్మని గౌరవంగా చూసుకో. పప్పులో ఉప్పు ఎక్కువైందని పిల్లల ముందు అనకు. నీకు కొండ మీద అంతకంటే మంచి సహోపాధ్యాయురాలు దొరకదు.

వాళ్ళ గోడల మీద బియ్యప్పిండితో వేసే తెల్లబొమ్మలు చూశావా? మనుషులు, ఏనుగులు, సూర్యుడు, వరసగా చేతులు పట్టుకుని ఆడేవాళ్ళు. చదవలేని పిల్లల చేత మొదట ఆ బొమ్మలే వేయించు. వేసిన బొమ్మ గురించి సవరలో చెప్పమను. అందులో ఒక మాట పట్టుకుని తెలుగులో కింద రాయి. అలా పది బొమ్మలైతే దాని మొదటి వాచకం తయారు. అ, ఆ, ఇ, ఈ అని యాభై ఆరూ వరస పెట్టి దిద్దించే పని పెట్టుకోకు. మాటలోంచి అక్షరం తియ్యి, ఆ అక్షరంతో ఇంకో మాట కట్టు. గుణింతాల దగ్గర మాత్రం తొందరపడకు. పలక, పడవ చకచకా చదివే పిల్ల ‘పిల్లి’ దగ్గర బండ అయిపోతుంది. గుడీ, ఒత్తూ రెండూ ఒక్కసారే వచ్చి పడ్డాయి మరి. వాటిని విడివిడిగా చేయించు.

కొందరికి ఎంత చేసినా అక్షరాలు నిలవవు. ‘ప’కీ ‘వ’కీ, ‘మ’కీ ‘య’కీ తేడా పట్టదు. చదువుతూ చదువుతూ వరస తప్పి కింది వరసలోకి జారిపోతారు. నోటితో అడిగితే గడగడా చెప్తారు. వాళ్ళని బద్ధకస్తులనకు. అట్టముక్కలో ఒక వరసంత కిటికీ కోసి పుస్తకం మీద పెట్టు, ఒక్క వరసే కనిపిస్తుంది. ఇసక పళ్ళెంలో వేలితో రాయించు. అక్షరం గీసి దాని మీద చింతపిక్కలు పేర్పించు, వేలితో తడిమి చెప్పమను. పరీక్ష నోటితో పెట్టు. అభ్యసన వైకల్యాన్ని కూడా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని ఇరవై ఒక్క రకాల్లో చేర్చారు. అలాగని నువ్వే డాక్టరువై ముద్ర వెయ్యకు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ ఐఈఆర్‌టీ టీచర్లుంటారు. వాళ్ళకి చూపించు. నడవలేని పిల్లలూ వినపడని పిల్లలూ ఉంటే వాళ్ళనీ అక్కడికే పంపించి, వైకల్య సర్టిఫికెట్టు ఇచ్చే సదరం క్యాంపు ఎప్పుడో కనుక్కుని తల్లిదండ్రుల్ని నువ్వే వెంటపెట్టుకెళ్ళు. కాగితం ఇచ్చి పంపితే వెళ్ళరు. బస్సుఖర్చు, ఆ రోజు కూలి పోవడం, ఆఫీసంటే భయం, అన్నీ ఉంటాయి.

అంతకంటే ముందు చెవులు చూడు. వర్షాకాలం దాటిన ఈ రోజుల్లో చెవి కారే పిల్లలు కనీసం ఇద్దరు ముగ్గురుంటారు. వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలు. తిరగకపోతే అది పొగరు కాదు. ఏఎన్‌ఎంకి చెప్పు, అది మందుతో తగ్గే జబ్బు. తగ్గేదాకా నీ ముందు కూర్చోబెట్టుకో. ఇంకోటి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకు. రాసేటప్పుడు రాయి, మాట్లాడేటప్పుడు పిల్లల వైపు తిరుగు. సరిగ్గా వినపడని పిల్ల నీ పెదాల్ని చూసి సగం పట్టుకుంటుంది, తెలుగు కొత్తైన పిల్ల కూడా అంతే. ఈ ఒక్క అలవాటుతో ఎంతమందికి మేలో చెప్పలేను.

నీ ఫోటోలో గోడకి స్మార్ట్ టీవీ చూశాను. మురిసిపోయి పంపావు. మంచిదే, నాకా రోజుల్లో లేదు. కరెంటు ఉన్నప్పుడు వాడు. కానీ పాఠం వీడియో పెట్టి నువ్వు రిజిస్టర్లు రాసుకోవడం మొదలుపెడితే నాకు తెలిసిపోతుంది. రెండు నిమిషాలు చూపించు. ఆపు. మళ్ళీ పెట్టి ఈసారి సౌండు తీసెయ్. బొమ్మల్ని చూస్తూ ఎవరికొచ్చిన భాషలో వాళ్ళని చెప్పమను. ఒకడు సవరలో చెప్తాడు, ఒకతి తెలుగులో చెప్తుంది, ఒకటో తరగతి వాడు చేతులూపుతాడు. ఎవరికెంత అర్థమైందో నీకక్కడ తెలుస్తుంది. వాచకంలో ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా వీడియోలు వస్తాయి కదా. సంతకి దిగిన రోజు కింద సిగ్నల్లో డౌన్‌లోడు చేసుకుని పైకెళ్ళు.

సంతంటే గుర్తొచ్చింది. రిషివ్యాలీ వాళ్ళే మెట్రిక్ మేళా అని చేస్తారు. పిల్లలే కొట్లు పెడతారు. తల్లులూ తండ్రులూ వచ్చి కొనాలి. తూకం, కొలత, చిల్లర అంతా పిల్లలదే. మీ ఊరి పిల్లలకి ఇంతకంటే తగిన పాఠం లేదు. అనాసపళ్ళు, పసుపు, చీపుళ్ళు, చింతపండు వాళ్ళింట్లోనే ఉంటాయి. సీతంపేట సంతలో తక్కెడ ఎటు వాలిందో చూసే కన్ను వాళ్ళకి రావాలి, అదే అసలు చదువు అంటాను నేను. బోర్డు ముందు నోరిప్పని పిల్లవాడు ఆ రోజు ఎలా బేరమాడతాడో చూడు. అతని పేజీలో రాయి.

ఇవన్నీ చెయ్యబోతే కాంప్లెక్స్ మీటింగులో ఎవరో ఒకరు ‘మేడం, మీకు సిలబస్సు వెనకబడింది’ అంటారు. ఎదురు మాట్లాడకు, నీకు నోటి దురుసు మీ తాత నుంచి వచ్చింది. నవ్వి, ఆ నోటుబుక్కు చూపించు. నవంబరులో ఎక్కడున్నాడు, ఇప్పుడెక్కడున్నాడు. 2021లో వచ్చిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకీ చదవడం, రాయడం, లెక్క రావాలని ప్రభుత్వమే పెట్టుకుంది కదా, నేను చేస్తున్నదదే సార్ అని వినయంగా చెప్పు. యాప్‌లో కొట్టాల్సినవి ఆ రోజుకా రోజు కొట్టెయ్, దాచిపెట్టుకోకు. ఆ పనిలో వీరత్వం చూపించి లాభం లేదు.

అన్నీ ఒక్కసారే మొదలుపెట్టకు. నిన్ను నాకు తెలుసు, ఈ ఉత్తరం చదివిన రాత్రే ట్రేలు కోసి, కార్డులు రాసి, గోడంతా అంటించేస్తావు. నాలుగో రోజుకి జొరం తెచ్చుకుంటావు. ఈ నెల నోటుబుక్కు నింపు, పొద్దున్న గుంపులు అలవాటు చెయ్. ట్రేలు డిసెంబరులో. మేళా సంక్రాంతి దాటాక, పసుపు ఇళ్ళకొచ్చే రోజుల్లో చూసుకోవచ్చు. కొన్ని రోజులు ఏదీ కుదరదు. అలాంటి రోజు అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఒక కథ చెప్పి ఇంటికి పంపించెయ్. కథకి క్లాసుల పట్టింపు లేదు.

పార్సిలు వేరే పంపుతున్నాను. పాలకొండ బస్టాండులో కండక్టరు దగ్గర తీసుకో, నంబరు మెసేజి పెడతాను. అందులో రబ్బరుబ్యాండ్లు, పాత కేలండర్లు, మొండి మొన కత్తెర్లు రెండు, ఇరవై పలకలు ఉన్నాయి. చింతకాయ పచ్చడి సీసా గుడ్డలో చుట్టాను, నిటారుగా పట్టుకో. స్వెట్టరు మీ అమ్మ పెట్టింది, వేసుకోకపోతే అది ఏడుస్తుంది.

నాకొకటి కనుక్కుని రాయి. సవరలో ఇరవైల లెక్క వందకి చేరాక ఏమంటారు? నేనున్నప్పుడు అడగాలనుకుని అడగనేలేదు. మీ వంటమ్మ వాళ్ళ అత్తగారిని అడుగు. వీలైతే ఆవిడ చెప్తుంటే ఫోన్లో రికార్డు చేసి పంపు.

మొదటి జీతం పడిందా?

నీ
పెద్దమ్మ